ఎర్ర మూత సీసా

పదిహేడో రోజు ఉదయానికి పదకొండో ఎలుక కూడా చచ్చిపోయింది.

బాబూరావు దాన్ని తోక పట్టుకుని పంజరంలోంచి తీసి ఎనామిల్ పళ్ళెంలో పెట్టాడు. అతను ఆర్నెల్ల కిందట చేరిన అసిస్టెంటు. బియ్యెస్సీ ప్యాసయ్యాడు. నోరు మాత్రం ఊరుకోదు.

"ఇంకొకటే మిగిలిందండి. దాని వాలకం చూస్తే అది కూడా మధ్యాహ్నం రైలు అందుకునేలా ఉంది."

కనకదుర్గ నవ్వలేదు. ఆమె ముందు రెండు నోటు పుస్తకాలు తెరిచి ఉన్నాయి. ఒకటి ఫిబ్రవరిది, ఇంకొకటి జూలైది. రెండింట్లోనూ ఒకే మందు, ఒకే మోతాదు, ఒకే జాతి తెల్ల ఎలుకలు పన్నెండు. అన్నిటి కడుపుల్లోకీ ఒకే రకం కాన్సర్ కణాలు ఎక్కించింది. ఫిబ్రవరిలో మొదలుపెట్టిన ఎలుకల్లో ముప్ఫయ్యో రోజున పది బతికున్నాయి. జూలైలో మొదలుపెట్టినవాటిలో పదిహేడో రోజుకి ఒకటి మిగిలింది. మందు ఇవ్వని ఎలుకలు కూడా సరిగ్గా ఇన్ని రోజులే బతుకుతాయి. అంటే ఈసారి మందు నీళ్ళలా పనిచేసింది.

ఎందుకని? ఆమె మూడు రోజులుగా ఆ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తోంది. ఒక్క అంకె తేడా లేదు.

అది 1976 ఆగస్టు. తెనాలిలో కాలవ పక్కన శివరామయ్యగారి మందుల ఫ్యాక్టరీ ఉంది. అక్కడ దగ్గు మందూ, అజీర్తి మందూ తయారుచేస్తారు. దాని వెనక ఉన్న రెండు గదులే కనకదుర్గ లాబొరేటరీ. ముప్ఫై నాలుగేళ్ళ కనకదుర్గ అమృతలూరు రైతు బిడ్డ. ఇంగ్లండులో పెప్టైడ్ల మీద డాక్టరేటు చేసి వచ్చింది. కాన్సర్‌కి మందు కనిపెడతానంటే పెద్ద ఊళ్ళలో ఎవరూ గది ఇవ్వలేదు. శివరామయ్య ఇచ్చాడు.

పెప్టైడంటే పూసల దండ. ఒక్కో పూస ఒక్కో అమినో ఆమ్లం. కనకదుర్గ దండలో తొమ్మిది పూసలున్నాయి. గాజు సీసాలో ఆ దండ కాన్సర్ కణాన్ని పెరగనివ్వదు. కానీ ఒంట్లోకి ఎక్కించిన పది నిమిషాల్లో రక్తంలోని ఎంజైములు దాన్ని కత్తెరల్లా ముక్కలు చేసేస్తాయి. అందుకని ఆమె ఒక పూసని మార్చింది. పూస అదే. కానీ అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంటుంది. కుడికాలి చెప్పుకీ ఎడమకాలి చెప్పుకీ ఉన్నంత తేడా. దాని దగ్గర కత్తెరకి పట్టు దొరకదు, దండ తెగదు. ఇదీ ఆమె ఆశ.

దండలో నాలుగో పూసా అయిదో పూసా ఒకటే రకం. ఆ పూస పొడి తెల్ల మూత సీసాలో ఉంటుంది. దాన్నే తిరగేసిన పొడి ఎర్ర మూత సీసాలో ఉంటుంది. ఆమె తిరగేసింది నాలుగోదాన్ని. పుస్తకంలో అలాగే రాసి ఉంది, కింద సంతకం కూడా ఉంది. ఎర్ర మూత పొడి స్విట్జర్లాండు నుంచి రావాలి. మళ్ళీ తెప్పించాలంటే ఏడాది పడుతుంది. ఇప్పుడు రెండో సీసా అడుగున ఒక్క దండకి సరిపడా మిగిలింది.

చెప్పులు టకటకలాడించుకుంటూ శివరామయ్య లోపలికి వచ్చాడు. చేతిలో కవరుంది.

"డాక్టరమ్మా, బొంబాయి నుంచి. ఇంగ్లీషులో ఉంది. మన గుమాస్తా చదివి రెండుసార్లు మంచినీళ్ళు తాగాడు. ఏంటో చూడు."

బొంబాయిలోని ఒక పరిశోధన సంస్థకి ఆమె రెండుసార్లూ శాంపిళ్ళు పంపింది. జూలై ఎలుకలు చావడం మొదలవగానే ఆ సంగతీ రాసింది. వాళ్ళు రాసిన జవాబు చిన్నదే. "రెండు శాంపిళ్ళనీ విడగొట్టి చూశాం. రెండింట్లోనూ అవే తొమ్మిది పూసలు, అవే పాళ్ళలో ఉన్నాయి. అయినా రెండోది పనిచెయ్యలేదు. కాబట్టి ఫిబ్రవరి ఫలితాల మీద మాకు అనుమానం ఉంది. మరొక్కసారి చెయ్యండి. అక్టోబరు ఇరవై లోపల, మా మనిషి ఎదుట, ముప్ఫయ్యో రోజున పన్నెండు ఎలుకల్లో కనీసం తొమ్మిది బతికుండాలి. లేకపోతే ఆ అంకెలు కల్పించినవని అన్ని లాబొరేటరీలకీ తెలియజేస్తాం."

"కల్పించినవంటే?" అన్నాడు శివరామయ్య.

"దొంగలెక్కలని."

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "చూడమ్మాయ్, నేను అయిదో క్లాసు. నీ పూసలూ దండలూ నాకు తెలియవు. కానీ ఒకే బియ్యం, ఒకే ఎసరు. ఒకసారి అన్నమూ, ఇంకోసారి ఇసకా ఎట్టా అవుద్ది? అయితే నువ్వు అంకెలు కల్పించి ఉండాలి. లేదంటే ఎవడో సీసా మార్చి ఉండాలి."

"నేను కల్పించలేదండి."

"అయితే రెండోదే. నరసింహం."

ఆ పేరు వినగానే ఆమె జూలై పుస్తకం మూసి ఫిబ్రవరిది దగ్గరికి లాక్కుంది.

నరసింహం భట్టిప్రోలు మనిషి. అరవైకి దగ్గరపడ్డాడు. నలభై ఏళ్ళు కళ్ళాల్లో కుంచంతో ధాన్యం కొలిచాడు. కాటాలు వచ్చాక కుంచాలు అటకెక్కాయి. చెయ్యి వణకదు, లెక్క తప్పదు అని కనకదుర్గే అతన్ని లాబొరేటరీలో పెట్టుకుంది. గాజు పాత్రలో ఉండే సన్నటి గుళికల మీద దండ పెరుగుతుంది. ఒక్కో పూస ఎక్కించడానికి ఒక రోజు పడుతుంది. పొడి వెయ్యాలి, కదపాలి, కడగాలి, మళ్ళీ కడగాలి. మామూలు దండని ఇద్దరూ కలిసి రెండుసార్లు చేశారు. ఏ సీసా తర్వాత ఏ సీసానో అతనికి నోటికి వచ్చేసింది.

జనవరిలో మూడోసారి చేస్తున్నప్పుడు ఆమె ఎలుకల కోసం మద్రాసు వెళ్ళాల్సి వచ్చింది. వెళ్తూ ఒక్క మాటే చెప్పింది. "బాబాయ్, అంతా మామూలే. నాలుగో పూసకి మాత్రం తెల్ల మూత బదులు ఎర్ర మూత సీసా." తిరిగొచ్చి అడిగితే, "మీరు చెప్పినట్టే చేశానమ్మా" అన్నాడు. ఆమె పుస్తకంలో రాసి సంతకం పెట్టింది.

దండ పూర్తయిన రోజున ఆమె గాజు పాత్రని స్టాండు మీంచి దించింది. గోడవైపు ఉన్న పక్కన, మెడ కింద, పసుపు బొట్టు కనిపించింది.

"ఏంటిది బాబాయ్?"

"బొట్టండి. రోజూ తుడిచేసేవాణ్ణి. ఇవాళ మర్చిపోయా."

"ఇది లాబొరేటరీ! కళ్ళం కాదు! ఒక్క రేణువు లోపల పడితే మొత్తం నాశనమవుతుంది. రేపట్నించి రావద్దు!"

ఫ్యాక్టరీ వాళ్ళందరూ తొంగిచూస్తుండగా అంది ఆ మాట. అతను తాళంచెవి బల్లమీద పెట్టి, తన రేకుపెట్టె పట్టుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ కనిపించలేదు.

"పెట్టెలో ఏం పట్టుకెళ్ళాడో ఎవరైనా చూశారా?" అన్నాడు శివరామయ్య. "అసలు సరుకు అమ్ముకుని ఉంటాడు."

"మేడమ్! ఇటు రండి!" పక్క గదిలోంచి బాబూరావు కేకేశాడు. పెద్ద సోదా చెయ్యాలని బీరువా పక్కకి జరిపాడు. దాని వెనక గోడమీద సుద్దముక్కతో గీతలున్నాయి. నిలువు గీతలు. నాలుగో గీత కింద ఎర్ర పెన్సిల్‌తో చుక్క పెట్టి ఉంది. మొదటి గీతకి ముందు చెమ్మకి పచ్చబడినట్టు ఏదో మరక.

"ఇది నరసింహం తాత లెక్కండి. నాలుగు దగ్గర ఎర్ర మూత, అది సరే. కానీ మొత్తం లెక్కపెట్టండి. ఎనిమిదే! పూసలేమో తొమ్మిది. ఒకటి మింగేశాడండి!"

కనకదుర్గ లెక్కపెట్టింది. ఎనిమిదే. కానీ బొంబాయి వాళ్ళు విడగొట్టి చూస్తే తొమ్మిదీ ఉన్నాయి. ఒక పూస వెయ్యకపోతే తొమ్మిది ఎలా వచ్చాయి? వేస్తే గీత ఏది? నలభై ఏళ్ళలో లెక్క తప్పని మనిషి తొమ్మిది దాకా లెక్కపెట్టలేకపోయాడా?

ఆలోచించే కొద్దీ బుర్ర వేడెక్కింది. ఎర్ర మూత సీసా తీసి వెలుతురులో పెట్టి చూసింది. ఒక్క దండకి సరిపడా పొడి. ఒక్క అవకాశం. దేన్ని సరిచెయ్యాలో తెలియకుండా మొదలుపెడితే అదీ పోతుంది. దాంతోపాటు పేరూ పోతుంది.

"నేను బాపట్ల వెళ్తున్నానండి. అతని కూతురు అక్కడే ఉంటుంది."

"పోలీసుల్ని పంపనా?"

"వద్దండి. నేను వెళ్ళగొట్టిన మనిషిని నేనే వెతుక్కుంటాను."

*

రైల్లో కిటికీ పక్కన సీటు దొరికింది. నిడుబ్రోలు దాటాక ఒక్కసారిగా ఆమెకి నాన్న కళ్ళం గుర్తొచ్చింది. ధాన్యం కొలిచేవాడు ఎప్పుడూ 'ఒకటి' అనడు. అశుభం. మొదటి కుంచాన్ని 'లాభం' అంటాడు. లాభం, రెండు, మూడు...

ఆమె నిటారుగా కూర్చుంది. ఇదేనా? వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. లాభం, రెండు, మూడు, నాలుగు. నాలుగంటే నాలుగే! లాభం అన్నా ఒకటి అన్నా లెక్క మారదు. వేళ్ళు విప్పేసింది. ఎదురు సీటులో తమలపాకులు నములుతున్న ముసలామె జాలిగా చూసి, "పరీక్ష పోయిందా తల్లీ?" అని అడిగింది.

"ఇంకా పోలేదండి," అంది కనకదుర్గ.

బాపట్లలో స్టేషనుకి దగ్గర్లోనే నరసింహం కూతురు మాణిక్యమ్మ ఇల్లు. అరుగుమీద కూర్చుని విస్తళ్ళు కుడుతోంది.

"నరసింహంగారు ఉన్నారా అమ్మా? తెనాలి నుంచి వచ్చాను."

మాణిక్యమ్మ తలెత్తలేదు. "తెనాలిలో ఎవరు?"

"లాబొరేటరీ..."

"ఓహో! పసుపంటే పడని డాక్టరమ్మగారు మీరేనా! రండి రండి. మా గడపకి కూడా పసుపుంది మరి, దాటగలరో లేదో."

"తప్పు నాదేనమ్మా. ఒక్కసారి అతనితో మాట్లాడాలి."

"మా నాన్న ఆ వారం అన్నం తినలేదు తెలుసా? నలభై ఏళ్ళు ఎంతమంది కామందుల ధాన్యమో కొలిచాడు. గింజ తేడా వచ్చిందని ఒక్కడూ అనలేదు. మీరు ఒక బొట్టుకి వెళ్ళగొట్టారు." ఈనుపుల్ల పుటుక్కున విరిచింది. "ఇప్పుడేంటి, ఏమైనా పోయిందా? వెతకడానికొచ్చారా?"

కనకదుర్గ కళ్ళు లోపల గూట్లో ఉన్న రేకుపెట్టె మీద పడ్డాయి. మాణిక్యమ్మ అది చూసింది. విసురుగా లేచి వెళ్ళి పెట్టె తెచ్చి అరుగుమీద దబ్బున పెట్టింది.

"చూస్కోండి! తర్వాత ఊరంతా చెప్పకుండా ఇప్పుడే చూస్కోండి!"

మూత తెరుచుకుంది. రెండు పంచెలు, ఒక పాత సోలకొలత. వాటి మధ్యన ఎర్ర మూత సీసా.

కనకదుర్గ సీసా చేతిలోకి తీసుకుంది. అంటే శివరామయ్యగారు చెప్పిందే నిజమా? నిజంగానే మార్చేశాడా? అయితే ఫిబ్రవరిలో ఎలుకల్ని బతికించింది ఏ మందు? ఆమె మూత తిప్పి వాసన చూసింది. లోపల పొడి పచ్చగా ఉంది.

పసుపు.

"ఖాళీ సీసా మీరే చెత్తబుట్టలో పారేశారంట," అంది మాణిక్యమ్మ. "మూత బిగువుగా ఉంది, చీమ దూరదని తెచ్చుకున్నాడు. ఇదేనా మీరు పోగొట్టుకుంది?"

కనకదుర్గకి సిగ్గేసింది. సిగ్గు కన్నా అయోమయం ఎక్కువగా ఉంది. దొంగ కాదు. సీసా మార్చలేదు. మరి మారిందేమిటి?

ఆమె మొహం చూసి మాణిక్యమ్మ గొంతు కాస్త తగ్గించింది. "ఎండన పడి వచ్చారు. మంచినీళ్ళు తాగండి. నాన్న రేపల్లెలో ఉన్నాడు. వెంకటసుబ్బులని, నిజాంపట్నం చేపలు రైలుకెక్కిస్తుంది. ఆమె దగ్గర లెక్కకి కుదిరాడు. రెండింటి బస్సెక్కితే చెరుకుపల్లి మీంచి సాయంత్రం రైలు వేళకి అందుకుంటారు."

*

రేపల్లె స్టేషను బయట, రేకుల షెడ్డు కింద, ఇరవై ముప్ఫై గంపలు వరసగా ఉన్నాయి. ఊకలో పొదిగిన ఐసు కరిగి కాలవలు కడుతోంది. మధ్యలో తలకి తువ్వాలు చుట్టుకుని నరసింహం గొంతుక్కూర్చున్నాడు. పక్కనే నిలబడి ఉన్న పొడుగాటి మనిషి వెంకటసుబ్బులు. వేళ్ళ మధ్య చుట్ట, నడుముకి చెక్కిన కొంగు.

"బాబాయ్!"

నరసింహం ఒక్కసారి చూశాడు. మొహంలో ఏమీ కనిపించలేదు. మళ్ళీ తల దించుకున్నాడు.

"లెక్క మొదలెడుతున్నానమ్మా. మధ్యలో పలకరిస్తే తప్పుద్ది."

"ఎవరీవిడ?" అంది వెంకటసుబ్బులు.

"నన్ను పన్లోంచి తీసేసినావిడ."

"అట్టాగా! అయితే కూచోమ్మా, ఆ ఐసు పెట్టెమీద కూచో. చల్లబడతావు."

కనకదుర్గ కూర్చుంది. తెనాలి నుంచి కొనడానికి వచ్చిన ముత్యాలరావు ఎదురుగా ఖాళీ గంప పెట్టుకుని నిలబడ్డాడు. అతనికి ఇరవై పండుగప్పలు కావాలి. నరసింహం గంపలో చెయ్యి పెట్టి మొదటి చేపని తీశాడు. నోరు మెదపలేదు. దాన్ని పక్కనున్న అరిటాకు మీద పెట్టాడు. ముంతలో వేలు ముంచి చేప తలమీద పసుపు బొట్టు పెట్టాడు. తర్వాత రెండో చేపని తీసి ముత్యాలరావు గంపలో వేశాడు.

"లాభం," అన్నాడు. "రెండు... మూడు... నాలుగు..."

కనకదుర్గ ఐసు పెట్టెమీంచి లేచి నిలబడింది.

ఇరవై దాకా లెక్కపెట్టి అతను చెయ్యి దులుపుకున్నాడు. ముత్యాలరావు గొడవకి దిగాడు. "గంపలోంచి తీసినవి ఇరవై ఒకటి. ఆ ఆకుమీదది కూడా నాకే రావాలిగా?"

"మొదటిది గంగమ్మది. లెక్కలోకి రాదు."

"ఏ లెక్కలోకి?"

"ఏ లెక్కలోకీ రాదు," అంది వెంకటసుబ్బులు. "నీళ్ళలో ఉన్న తల్లికి పెట్టకుండా అన్నీ నువ్వే మూటగట్టుకుపోతావా ముత్యాలరావూ? రేపు నా పడవ తిరిగి రాకపోతే నువ్వొచ్చి వలేస్తావా?"

వాళ్ళ గొడవ కనకదుర్గకి వినపడటం లేదు. ఆమె వెళ్ళి నరసింహం ఎదురుగా, ఆ తడిలోనే, కూలబడింది.

"బాబాయ్, ఈ పద్ధతి ఇక్కడ నేర్చుకున్నావా?"

"ఇక్కడ నేర్చుకునేదేముందమ్మా? మా భట్టిప్రోలు కళ్ళాల్లోనూ ఇంతే. మొదటి కుంచం దేవుడిది. పక్కన పోసి పసుపు పెడతాం. ఆ తర్వాత లాభం, రెండు. మీ వైపు అంతేగా?"

"మా అమృతలూరులో దేవుడి కుంచం ఆఖర్న తీస్తారు."

"అందరూ పట్టుకుపోయాక అడుగున మిగిలింది దేవుడికా!" నరసింహం బుగ్గలు నొక్కుకున్నాడు. "సర్లెండి. ఎవరి ఊరి పద్ధతి వారిది."

"గాజు పాత్రలో కూడా ఇలాగే లెక్కపెట్టావా?"

"మరింకెట్టా లెక్కపెడతానమ్మా? మొదటి పూసని ఆ గుళికలకి అంటించి మీరే నాకిచ్చేవారు. అది నేను వేసేది కాదు. దేవుడిదనుకుని బొట్టు పెట్టేవాణ్ణి. గోడమీద కూడా పసుపు రాసేవాణ్ణి, గీత గియ్యకుండా. తర్వాత మొదటి గీత లాభం, రెండోది రెండు, మూడోది మూడు. నాలుగోదానికి ఎర్ర మూత. మీరు చెప్పినట్టే చేశానమ్మా! అక్షరం తప్పలేదు."

గోడమీద ఎనిమిది గీతలు. వాటి ముందు పచ్చటి మరక. అది చెమ్మ కాదు.

ఆమె తడి సిమెంటు మీద వేలితో తొమ్మిది చుక్కలు పెట్టింది. మొదటిదాన్ని వదిలేసి లెక్కపెట్టింది. లాభం, రెండు, మూడు, నాలుగు. వేలు అయిదో చుక్క మీద ఆగింది.

నాలుగో పూసా అయిదో పూసా ఒకటే రకం. ఒకటి తెల్ల మూతది, ఒకటి ఎర్ర మూతది. ఏది ముందు పడ్డా మొత్తంలో పూసలు అవే, పాళ్ళు అవే. బొంబాయిలో విడగొట్టి చూసినవాళ్ళకి తేడా ఎలా తెలుస్తుంది? ఆమె జూలైలో తిరగేసింది నాలుగోదాన్ని, పుస్తకంలో ఉన్నట్టు. ఫిబ్రవరిలో ఎలుకల్ని బతికించింది అయిదోది. ఏ పుస్తకంలోనూ లేనిది.

"నేనేమైనా తప్పు చేశానామ్మా?" నరసింహం ఆ చుక్కల మీదికి వంగి చూశాడు.

"తప్పో ఒప్పో నాకే తెలియడం లేదు బాబాయ్. నువ్వు తెనాలి రావాలి. మళ్ళీ చెయ్యాలి. ఒక్కసారికే పొడి ఉంది."

అతను తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్నాడు. "వెళ్ళగొట్టేటప్పుడు పదిమందిలో వెళ్ళగొట్టారు. పిలిచేటప్పుడు ఇట్టా చెవిలో పిలుస్తున్నారేం?"

కనకదుర్గ లేచింది. చీర కుచ్చిళ్ళు చేపల నీళ్ళతో బరువెక్కాయి. కూలీలు, ముత్యాలరావు, వెంకటసుబ్బులు అందరూ చూస్తుండగా గట్టిగా అంది. "నరసింహం బాబాయ్‌ని నేను అన్యాయంగా పన్లోంచి తీసేశాను. బొట్టు ఎందుకు పెట్టావని అడగలేదు. అడిగి ఉంటే ఇవాళ ఈ తిప్పలు ఉండేవి కావు. తప్పు నాది."

"బాగానే చెప్పావమ్మా," అంది వెంకటసుబ్బులు చుట్ట నేలకి నొక్కుతూ. "కానీ మనిషిని నెలన్నరకి మించి ఇవ్వను. నా చేపలకి లెక్క ఎవరు చెబుతారు?"

"పసుపు పెడతానమ్మా మరి," అన్నాడు నరసింహం. "పెట్టకుండా నా చెయ్యి ఆడదు."

"స్టాండు కాలికి పెట్టుకో బాబాయ్. పాత్రకి వద్దు."

అతను తువ్వాలు మళ్ళీ తలకి చుట్టుకున్నాడు. "కాలికైతే దేవుడు ఏమీ అనుకోడులెండి."

*

"అయిదో పూస అని రాసెయ్," అన్నాడు శివరామయ్య విషయమంతా విని. "ముందునించీ అదే అనుకున్నానని రాయి. ఎవడికి తెలుస్తుంది? గోడకి సున్నం నేను కొట్టిస్తా."

"నాకు తెలుస్తుందండి."

"అమ్మాయ్, ఒక ధాన్యం కొలిచేవాడి పొరపాటు వల్ల మందు దొరికిందంటే నవ్వుతారు."

"దొంగలెక్కలు రాసిందనడం కంటే నవ్వడం నయం కదండి."

ఆ మధ్యాహ్నమే ఆమె బొంబాయికి ఉత్తరం రాసింది. "జనవరిలో తిరగేసింది అయిదో పూసని. నాలుగో పూస అని రాశాను. నేను కళ్ళారా చూడనిదానికి సంతకం పెట్టాను. మళ్ళీ చేస్తున్నాం. ఈసారి ప్రతి పూసా నా ఎదుటే పడుతుంది." గోడమీది గీతలకి ఫోటో తీయించి కవర్లో పెట్టింది.

ఎనిమిది రోజులు నరసింహం సీసాలు వంచాడు, ఆమె పక్కన నిలబడి చూసింది. అతని నోట నాలుగు అన్న మాట రాగానే బాబూరావు పుస్తకంలో అయిదు అని రాసి, "ఇలా అయితే నా బియ్యెస్సీ వెనక్కిచ్చెయ్యాలండి" అని గొణిగాడు. ఎర్ర మూత సీసా పూర్తిగా ఖాళీ అయింది. వారం తర్వాత ఎలుకలకి మందు మొదలుపెట్టారు.

పదిహేడో రోజుకి పన్నెండూ బతికున్నాయి. ఇరవై ఒకటో రోజున ఒకటి పోయింది. ఇరవై నాలుగో రోజున ఇంకొకటి, ఇరవై ఏడో రోజున మూడోది పోయాయి. ఆ తర్వాత కనకదుర్గ పంజరం వైపు చూడటం మానేసింది. మేత వేసే పని నరసింహానిది.

ముప్ఫయ్యో రోజు ఉదయం బొంబాయి నుంచి వెంకటరత్నంగారు వచ్చారు. అరవై ఏళ్ళ మనిషి. చీరాల వైపు పుట్టి బొంబాయిలో స్థిరపడ్డారు. నవ్వే అలవాటు ఉన్నట్టు లేదు. పుస్తకం తిరగేసి, గోడమీది గీతల ముందు చాలాసేపు నిలబడ్డారు.

"ఒక ప్రశ్న. నాలుగోది తిరగేస్తే పనిచెయ్యలేదు. పక్కనే ఉన్న అయిదోది తిరగేస్తే పనిచేసింది. ఎందుకంటారు?"

"తెలియదండి."

"అంచనా?"

"కత్తెర సరిగ్గా అయిదో దగ్గరే పడుతుందేమో. లేకపోతే నాలుగోది తిరగేస్తే దండ వంపే మారిపోతుందేమో. ఇంకేదైనా కావచ్చు. రోజుకో కారణం తోస్తోంది, ఏదీ నిలవడం లేదు."

ఆయన కళ్ళజోడు మీంచి చూశారు. "సరే. ఎలుకల్ని లెక్కపెట్టండి. ఒక పంజరంలోంచి ఇంకో పంజరంలోకి. నా ఎదుట."

నరసింహం ముందుకు వచ్చాడు. భుజంమీదున్న తువ్వాలు సర్దుకున్నాడు. పంజరంలో రెండు చేతులూ పెట్టాడు. గడ్డిలో తెల్లటి ముద్దలు కదిలాయి.

"లాభం... రెండు... మూడు..."

శివరామయ్య కళ్ళు మూసుకున్నాడు. బాబూరావు పెదాలు కదులుతున్నాయి.

"ఆరు... ఏడు... ఎనిమిది." నరసింహం ఆగాడు. పాత పంజరంలో గడ్డి మాత్రమే మిగిలింది.

"అంతేనా?" అన్నారు వెంకటరత్నంగారు.

"అంతేనండి."

ఎనిమిది. కావాల్సింది తొమ్మిది. వెంకటరత్నంగారు కాగితం మీద అంకె వేసి పెన్ను మూత పెట్టారు. శివరామయ్య స్టూలు మీద కూలబడ్డాడు. కనకదుర్గ పాత పంజరంలోకి వంగి చూసింది. రాత్రి ఒకటి పోయిందా? పోతే చచ్చిన ఎలుక ఏది? పళ్ళెం ఖాళీగా ఉంది. పంజరం ఖాళీగా ఉంది. మళ్ళీ అదే అయోమయం, లెక్క సరిగ్గానే ఉండి ఎక్కడో ఏదో తప్పినట్టు...

ఆమె నరసింహం వైపు చూసింది. అతను కుడిచెయ్యి దులుపుకుంటున్నాడు. ఎడమచెయ్యి మాత్రం తువ్వాలు కొంగు కింద, గుండెకి ఆనించి ఉంది.

"బాబాయ్, ఎడమచెయ్యి చూపించు."

తువ్వాలు తీశాడు. గుప్పిట్లో తెల్ల ఎలుక, మీసాలు ఆడిస్తూ అతని బొటనవేలిని వాసన చూస్తోంది. దాని నుదుటిమీద పసుపు బొట్టు.

"మొదటిది లెక్కలోకి రాదు కదమ్మా," అన్నాడు నరసింహం అమాయకంగా.

ముందు నవ్వింది బాబూరావు. వెంకటరత్నంగారు నవ్వలేదు గానీ మళ్ళీ పెన్ను మూత తీశారు. కనకదుర్గ ఆయన్ని ఆపింది.

"ఆగండి. ఇంకొకరి మాటమీద మీరు కూడా రాయొద్దు. నేనే మళ్ళీ లెక్కపెడతాను. మీరు చూడండి."

పంజరం తలుపు తీసి, నరసింహం చేతిలోని ఎలుకనే ముందుగా తీసుకుంది. వేళ్ళ మధ్య దాని గుండె టకటకా కొట్టుకుంటోంది.

"ఒకటి," అంది.

"అయ్యో, ఒకటి అనకండమ్మా!" నరసింహం చటుక్కున అన్నాడు.

ఆమె ఎలుక నుదుటిమీది బొట్టు వైపు చూసింది.

"లాభం," అంది. ఎలుకని ఖాళీ అయిన పాత పంజరంలోకి దించి, కొత్తదాని తలుపు పక్కన ఉన్న ఇంకోదానికి చెయ్యి చాపింది. "రెండు."